చెన్నైలో డిసెంబర్ చివర: వైన్, క్రాఫ్ట్ బీరు కోసం వచ్చేవాళ్ళు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

డిసెంబర్ మూడో వారం వచ్చిందంటే నాకు నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి, బెంగళూరు నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, న్యూ ఇయర్‌కి మీ దగ్గరికే వస్తున్నాం. సముద్రం పక్కన కూర్చుని మంచి వైన్, క్రాఫ్ట్ బీరు తాగాలని ఉంది. ఎక్కడ దొరుకుతాయి?" నేనుండేది తిరువాన్మియూర్‌లో, సముద్రానికి పది నిమిషాల నడక. అందుకని నన్నే అడుగుతారు. ఎక్కడ దొరుకుతాయో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. దొరికాక ఏం చేయకూడదో చెప్పడానికే ఎక్కువసేపు పడుతుంది. ఈ ఊళ్ళో సీసాని ఎండ పాడుచేస్తుంది. తాగినవాళ్ళకి ఈసీఆర్‌తోనూ (తీరం వెంబడి పుదుచ్చేరి వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) సముద్రంతోనూ ప్రమాదం. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు షాపుల సంగతి. మన ఊళ్ళలో 'వైన్స్' అని బోర్డున్న చోట మందు దొరుకుతుంది కదా, ఇక్కడ అలాంటి ప్రైవేటు షాపులు ఉండవు. 2003 నుంచి తమిళనాడులో మద్యం చిల్లర అమ్మకం అంతా ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉంది. మామూలు కౌంటర్ దగ్గర నిలబడి రకరకాల వైన్లు అడిగితే ప్రయోజనం ఉండదు. లోపలికి వెళ్ళి, సీసా చేత్తో పట్టుకుని, లేబుల్ చదివి తీసుకునే 'ఎలీట్' టాస్మాక్ షాపులు వేరే ఉన్నాయి. వాటికే వెళ్ళండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి పది వరకే అమ్ముతారు. ముప్పై ఒకటో తేదీ సాయంత్రం ఆ షాపుల ముందు రద్దీలో నిలబడే కంటే రెండ్రోజుల ముందే పగటిపూట కొనుక్కోవడం మేలు. వయసు ఇరవై ఒకటి నిండాలి. చూడ్డానికి చిన్నగా కనిపించే తమ్ముళ్ళు గుర్తింపు కార్డు జేబులో పెట్టుకోండి.

సంక్రాంతికి వచ్చేవాళ్ళకి ఇంకో మాట. మనకి కనుమ అంటే మాంసం, మందు. ఇక్కడ అదే రోజు తిరువళ్ళువర్ దినం, టాస్మాక్ షాపులు మూసేస్తారు. జనవరి 26న కూడా అంతే.

వైన్ అంటే ఎక్కువగా దొరికేది మన దేశంలో తయారయ్యేదే. నాసిక్ సులా, సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి, బెంగళూరు పక్కన నంది కొండల కింద గ్రోవర్ జంపా లాంటివి. వాటిలో ఏది ఏ నెలలో అరలో ఉంటుందో ముందుగా చెప్పలేం. ఒకే పేరు మీద పట్టుదలకి పోకండి. చేపలతో తాగడానికైతే నేను తెల్ల వైన్‌నే ఎంచుకుంటాను. షెనిన్ బ్లాంక్ గానీ సావిన్యాన్ బ్లాంక్ గానీ బాగా చల్లబరిచి, వంజరం వేపుడుతో తీసుకుంటే ఆ పులుపు మన మసాలా కారాన్ని తగ్గిస్తుంది. ఎర్ర వైన్లలోని వగరు మిరపకాయతో కలిస్తే నోరు మండుతుంది.

క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదార్లు కొద్దికొద్దిగా కాచేది) విషయంలో ముందే చెప్పేస్తాను, ఆశ పెట్టుకోకండి. బెంగళూరులో ఇందిరానగర్ టాయిట్, వైట్‌ఫీల్డ్ విండ్‌మిల్స్ లాంటి చోట అక్కడే కాచి అక్కడే పోసే బీరుకి అలవాటు పడ్డవాళ్ళకి చెన్నైలో అంత విరివిగా అలాంటి చోట్లు కనిపించవు. ఇక్కడ సీసాలో, క్యాన్‌లో వచ్చేదాన్నే జాగ్రత్తగా ఏరుకోవాలి. గోధుమ బీరు తాజాగా ఉంటేనే రుచి. లేబుల్ మీద తయారీ తేదీ చూసి, రెండు మూడు నెలల లోపుదే తీసుకోండి. సీసాకంటే క్యాన్ మంచిది. వెలుతురు తగిలితే బీరులో వేసే హాప్స్ అనే పువ్వుల చేదు పదార్థం విరిగి, కుళ్ళిన ఉల్లిపాయ లాంటి గంధకం వాసన వస్తుంది. గోధుమరంగు సీసా కొంత కాపాడుతుంది. ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా దాదాపు కాపాడవు. కిటికీ పక్కన ఎండ పడే అరలో ఉన్న సీసా ఎంత మంచి పేరున్నదైనా వదిలేయండి.

"అన్నా, లోకల్‌గా ఏదైనా దొరుకుతుందా?" అని అడిగేవాళ్ళుంటారు. దీనికి కాస్త ఎక్కువే చెప్పాలి. కల్లు 1987 నుంచి తమిళనాడులో నిషేధం. మన ఊళ్ళో ఈతచెట్టు కింద కూర్చుని తాగినట్టు ఇక్కడ కుదరదు. 'కల్లు' అని రహస్యంగా ఎవరైనా ఇస్తే అందులో ఏం కలిపారో ఇచ్చేవాడికే తెలియకపోవచ్చు. క్రిస్మస్‌కి కొన్ని ఇళ్ళల్లో ద్రాక్షతో వైన్ పెట్టుకుంటారు. తెలిసిన కుటుంబం ఇంటికి పిలిచి ఒక చిన్న గ్లాసు పోస్తే అది వేరు. తెలియనివాళ్ళు వాట్సాప్‌లో 'హోమ్ మేడ్ వైన్' అని లీటర్ల లెక్కన అమ్మేది మాత్రం కొనొద్దు. లైసెన్సు లేకుండా అమ్మడం నేరం. దానికంటే పెద్ద భయం, 'కిక్' కోసం అందులో ఎక్కడి స్పిరిట్ కలిపారో మనకి తెలియదు.

2023 మే నెలలో మరక్కాణం దగ్గరా, చెంగల్పట్టు జిల్లాలోనూ కల్తీసారా తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు. మరక్కాణం మీరు పుదుచ్చేరి వెళ్ళే ఈసీఆర్ మీదే వస్తుంది. 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో అరవై మందికి పైగా పోయారు. రెండుసార్లూ కారణం మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. రంగు లేదు, రుచిలో తేడా తెలియదు. కాలేయంలో అది ఫార్మిక్ యాసిడ్‌గా మారుతుంది, కంటి నరం దెబ్బతింటుంది. తాగిన వెంటనే మామూలు మత్తు లాగే ఉంటుంది. అసలు లక్షణాలు పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. చూపు మసకబారడం, పొగమంచులో చూస్తున్నట్టు ఉండటం, కడుపులో విపరీతమైన నొప్పి, రొప్పు. "హ్యాంగోవర్‌లే, మజ్జిగ తాగి పడుకో" అని ఎవర్నీ పడుకోబెట్టొద్దు. చూపు తేడాగా ఉందని ఎవరన్నా అంటే ఆ నిమిషమే 108కి ఫోన్ చేయండి. ఏం తాగారో, ఎప్పుడు తాగారో దాచకుండా డాక్టరుకి చెప్పండి. విరుగుడు మందు ఉంది, డయాలసిస్ ఉంది, కానీ రెండిటికీ టైమ్ ముఖ్యం. మీతో కలిసి తాగినవాళ్ళనీ, ఇంకా లక్షణాలు లేకపోయినా సరే, వెంట తీసుకెళ్ళండి.

సీల్ ఉన్న సీసానే కొనడం, మూత తిప్పి చూసుకోవడం, లేబుల్ అతుకు చూడటం. చిన్న పనులే, కానీ వీటిని ఎప్పుడూ మానకండి.

సీసా ఇంటికి చేరాక దాన్ని కాపాడాల్సింది ఎండ నుంచి. డిసెంబర్‌లో కూడా చెన్నై మధ్యాహ్నం చల్లగా ఏమీ ఉండదు. మూసిన కారులో వేడి బయటికంటే చాలా ఎక్కువ ఉంటుంది. మూడేళ్ళ క్రితం మా బావ నాకోసం ఇష్టంగా తెచ్చిన ఎర్ర వైన్‌ని మహాబలిపురంలో కారు వెనక సీటులో వదిలి, గుడులన్నీ చూసి సాయంత్రానికి వచ్చాడు. బిరడా పైకి ఉబికింది, మెడ చుట్టూ జిగురు. పోసి చూస్తే ఉడికిన ద్రాక్ష రసం వాసన. ఆయన ముఖం చూసి నాకే బాధేసింది. కాబట్టి వైన్ కొన్న తర్వాత దారిలో ఇంకెక్కడా ఆగకండి. ఆగక తప్పదంటే థర్మాకోల్ పెట్టె, నాలుగు ఐస్ ప్యాకెట్లు కారులో పెట్టుకోండి. ఇంట్లో ప్రత్యేకమైన అర ఏమీ అక్కర్లేదు, ఫ్రిజ్ చాలు. ఎర్ర వైన్‌ని కూడా ఫ్రిజ్‌లోనే పెట్టి, తాగే ముందు ఇరవై నిమిషాలు బయట ఉంచండి. 'గది ఉష్ణోగ్రత' అని పుస్తకాల్లో రాసేది మన గదుల గురించి కాదు. తెరిచిన సీసా మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు బాగుంటుంది.

బీరే కదా అన్న ధీమా చాలా మందిని దెబ్బ తీస్తుంది. లెక్క వేసి చూడండి. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా, 650 మిల్లీలీటర్లు, అందులో అసలు ఆల్కహాల్ 52 మిల్లీలీటర్లు. 42.8 శాతం విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులో ఉండేది 26 లోపే. అంటే ఒక పెద్ద స్ట్రాంగ్ బీరు రెండు పెద్ద పెగ్గులతో సమానం. క్రాఫ్ట్ బీర్లలో గోధుమ బీరు సుమారు అయిదు శాతం ఉంటే, కొన్ని బెల్జియన్ రకాలు ఎనిమిది దాటతాయి. శాతం చూడకుండా గ్లాసులు లెక్కపెట్టుకోవడం వృథా. ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి, ప్రతి గ్లాసుకీ ఒక గ్లాసు మంచినీళ్ళు తాగండి. ఇక్కడి ఉక్కపోతలో ఒంట్లో నీళ్ళు త్వరగా పోతాయి. షుగర్ మందులు, నిద్రమాత్రలు, యాంటీబయాటిక్స్ వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టొద్దు.

పుదుచ్చేరి ఈసీఆర్ మీద సుమారు 150 కిలోమీటర్లు. అక్కడ మందు చవక, రకాలు ఎక్కువ. అక్కడికెళ్ళి, అక్కడే తాగి, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు ఖాళీ చేతులతో రండి. వచ్చేటప్పుడు డిక్కీలో నాలుగు సీసాలు పెట్టుకురావడం మాత్రం వద్దు. పర్మిట్ లేకుండా బయటి మద్యం తమిళనాడులోకి తెస్తే కేసు పెడతారు, బండి కూడా పట్టుకుంటారు. బెంగళూరు నుంచి కారులో వచ్చే మిత్రులకీ ఇదే మాట. నంది కొండల వైన్ నాకు ఇష్టమే, కానీ నాకోసం మోసుకురావద్దు. నేనే అక్కడికి వచ్చినప్పుడు తాగుతాను.

తాగి బండి తీయొద్దని అందరికీ తెలుసు, అయినా ఆ రాత్రి తీస్తారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఆ హద్దు ఒక్క బీరుతోనే దాటేవాళ్ళుంటారు. 2019 సవరణ తర్వాత మొదటిసారికే పదివేలు జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. జరిమానా సంగతి అలా ఉంచండి, అర్ధరాత్రి ఈసీఆర్ మీద రోడ్డు దాటే జాలర్ల పల్లెల మనుషుల్ని తలచుకోండి. ఇక్కడ గంటల లెక్కన దొరికే డ్రైవర్‌ని 'యాక్టింగ్ డ్రైవర్' అంటారు. ముప్పై ఒకటో తేదీకి వారం ముందే మాట్లాడుకోండి, ఆ రాత్రి అడిగితే ఎవరూ దొరకరు. మర్నాడు పొద్దున్న కూడా తొందరపడొద్దు. రాత్రి రెండింటి దాకా తాగినవాడి రక్తంలో ఉదయం ఏడింటికి ఇంకా ఆల్కహాల్ ఉంటుంది. కాఫీ, చన్నీళ్ళ స్నానం దాన్ని తగ్గించవు.

ఇక సముద్రం. అసలు ఇదంతా రాస్తున్నది దీనికోసమే.

బెసెంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌లో తెల్లటి కమాను ఒకటి ఉంటుంది, అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. 1930లో మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడి స్మారకం అది. ఈత బాగా వచ్చినవాళ్ళనీ లాక్కుపోయే నీళ్ళివి. ఒడ్డు దగ్గర అడుగున ఇసుక ఒక్కసారిగా దిగిపోతుంది. విరిగిన అల వెనక్కి వెళ్ళేటప్పుడు సన్నని పాయలా బలంగా లోపలికి లాగుతుంది. ఈశాన్య రుతుపవనాలు డిసెంబర్ దాకా ఉంటాయి, ఆ నెలల్లో లాగుడు మరీ ఎక్కువ.

నాలుగేళ్ళ క్రితం ఈసీఆర్ మీద అద్దెకి తీసుకున్న ఇంట్లో మేం ఏడుగురం. రెండేసి బీర్లే తాగాం. చీకటి పడుతుండగా ఒకడు "కాళ్ళు తడుపుకొస్తా" అని వెళ్ళాడు. మోకాలి లోతు కూడా లేదు. ఒక అల తోసింది, రెండోది లాగింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఇద్దరు జాలర్లు చూశారు కాబట్టి ఇవాళ వాడు మన మధ్య ఉన్నాడు. మేం ఆరుగురం వరండాలోనే ఉన్నాం, ఒక్కరం కూడా చూడలేదు. మందు తాగినవాడికి కాలు తడబడుతుంది, చలి తెలియదు, భయం తగ్గుతుంది. పక్కనున్నవాళ్ళ చూపూ మందగిస్తుంది. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెంట దూకకండి. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, తాడు, ఏది దొరికితే అది విసిరి, జాలర్లని కేకేసి, 112కి ఫోన్ చేయండి. పాయలో చిక్కుకున్నది మీరే అయితే ఒడ్డు వైపు పోరాడకుండా, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి.

సీసాలు అసలు ఇసుక మీదికే తీసుకెళ్ళకండి. బీచ్‌లో తాగడానికి పోలీసులు ఒప్పుకోరు. పగిలిన గాజు ముక్క తెల్లవారుజామున ఉత్తకాళ్ళతో పడవ దించే మనిషి పాదంలో దిగుతుంది. జనవరి నుంచి నీలాంగరై, బెసెంట్ నగర్ ఇసుకలోకి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కూడా.

ఈసారి మా ఇంటికి వచ్చేవాళ్ళకి ఏర్పాటు ఇదీ. ముప్పై ఒకటిన పొద్దున ఆరింటికే ఈసీఆర్ మీదున్న కోవళం బీచ్‌కి వెళ్తాం, వాతావరణ హెచ్చరిక ఏదీ లేకపోతేనే. పదింటికల్లా స్నానాలు చేసి తిరిగి ఇంటికి బయల్దేరాలి. కాశిమేడు చేపల రేవు నుంచి వంజరం ముందురోజే తెప్పించి మసాలా పట్టిస్తాను. వైన్ ఇప్పటికే ఫ్రిజ్‌లో ఉంది. సాయంత్రం ఏడు తర్వాత మేడ మీద తెరుస్తాం, ఆ తర్వాత వీధి గేటుకి తాళం, తాళంచెవి మందు ముట్టని మా అత్తయ్య దగ్గర. వేళచ్చేరి తిరిగి వెళ్ళే ఇద్దరి కోసం యాక్టింగ్ డ్రైవర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాను.