ఇంట్లో చెదలు పట్టాయా? మందు కొట్టేముందు అవి వచ్చే దారి వెతకండి

గోడ మీద సన్నటి మట్టి గీత కనబడగానే చాలామంది చేసేది ఒకటే. చీపురుతో దులిపేసి, చేతికందిన పురుగుల స్ప్రే కొట్టేసి, నాలుగు రోజులు చూసి, మళ్లీ రాలేదు కదా అని వదిలేస్తారు. దయచేసి అలా చేయకండి. ఆ గీత లోపల తిరిగేవి ఎక్కువగా తిండి మోసే కూలి చెదలే. గుడ్లు పెట్టే రాణి, మిగతా గుంపంతా ఎక్కడో నేల లోపల భద్రంగా ఉంటాయి, మీరు చంపిన వాటి బదులు కొత్తవి పుట్టుకొస్తూనే ఉంటాయి. పైగా మందు తగిలిన దారి వదిలేసి పక్కనుంచి ఇంకోటి వేసుకుంటాయి, ఈసారి అది బీరువా వెనకో ఫాల్స్ సీలింగ్ పైనో, మీ కంటికి ఆనని చోట ఉండొచ్చు. అందుకే మందు సంగతి తర్వాత, ముందు అవి ఎక్కణ్నుంచి వస్తున్నాయో తెలియాలి.

1. అసలు చెదలేనా, అయితే ఏ రకం?

ఇళ్లను పాడుచేసేవి ముఖ్యంగా రెండు రకాలు. రెండింటికీ చేసే వైద్యం వేరు కాబట్టి ఇక్కడ పొరబడితే పెట్టిన ఖర్చంతా వృథా.

మొదటిది నేల చెద. దీని గూడు మట్టిలో ఉంటుంది, తడి లేకపోతే ఒళ్లు ఎండిపోయి చచ్చిపోతుంది, అందుకని నేల నుంచి కర్ర దాకా పెన్సిల్ లావున మట్టి గొట్టాలు కట్టుకుని వాటి లోపలే తిరుగుతుంది. ఇళ్లలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. రెండోది పొడికర్ర చెద. దీనికి నేలతో పనిలేదు, కుర్చీలోనో కిటికీ చట్రంలోనో కాపురం పెట్టి దాన్నే తింటూ అందులోనే పెరుగుతుంది, మట్టి గొట్టాలు కట్టదు. చిన్న కన్నం కింద కుప్పగా రాలిన గింజలే, అంటే అది వేసిన రెట్టే, దాని గుర్తు. ఒక్కోటి మిల్లీమీటరు పొడవుంటుంది, భూతద్దంతో చూస్తే ఆరు పలకలు తెలుస్తాయి. అలా గింజల్లా కాకుండా మెత్తటి పిండిలా రాలుతుంటే అది కర్రను తొలిచే పుచ్చు పురుగు అయ్యుండొచ్చు, దానికి నేలలో మందు పోసి లాభం లేదు.

ఇక ఉసిళ్లు. వాన వెలిశాక దీపం చుట్టూ మూగేవి రెక్కలొచ్చిన చెదలే, కొత్త గూళ్లు పెట్టుకోవడానికి బయల్దేరినవి. బయటినుంచి వెలుతురుకు వచ్చాయంటే కంగారు అక్కర్లేదు. కానీ తలుపులు, కిటికీలు మూసిన ఇంట్లో నేల పగులులోంచో చౌకట్టు సందులోంచో బయటికొస్తున్నా, కిటికీ గట్టు మీద రాలిన రెక్కలు తరచూ కుప్పగా కనబడుతున్నా, గూడు ఇంట్లోనో ఇంటి కిందో ఉందని అనుమానించాల్సిందే. రెక్కల చీమలు కూడా దాదాపు ఇలాగే ఉంటాయి. చీమకు నడుము సన్నం, మీసాలు మధ్యలో వంగి ఉంటాయి, ముందు రెక్కలు వెనకవాటికన్నా పెద్దవి. చెదకు నడుము అంటూ విడిగా కనబడదు, మీసాలు తిన్నగా ఉంటాయి, నాలుగు రెక్కలూ సమానం.

2. టార్చిలైటు, స్క్రూడ్రైవరు పట్టుకుని ఇల్లంతా చూడండి

దీనికి ఒక పూట కేటాయించండి. మొత్తం పనిలో నా లెక్కన అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే, ఇక్కడ ఏం దొరికిందన్నదాన్ని బట్టే ఎంత మందు, ఎక్కడ, అసలు మందు అవసరమా అన్నది తేలుతుంది.

బయటి నుంచి మొదలుపెట్టండి. ఇంటి గోడ నేలను తాకే అంచు పొడుగునా, మెట్ల కింద, పైపులు గోడలోకి దూరే చోట, గోడకు ఆనించిన కర్రలు, అట్టపెట్టెల వెనక మట్టి గొట్టాలున్నాయేమో చూడండి, సన్నటి పగులున్నా వాటికి దారి దొరికినట్టే. పూలమడి గోడను ఆనుకుని ఉంటే అక్కడ రెండోసారి కూడా చూడండి, రోజూ నీళ్లు పోస్తాం కాబట్టి ఆ మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

లోపల బాత్రూం, సింకు కింద, చౌకట్ల అడుగుభాగం, స్కర్టింగ్ అంచు, గోడకు బిగించిన కబోర్డుల వెనక పలక, స్విచ్‌బోర్డుల చుట్టూ, అటక మీద పడేసిన పుస్తకాలు, కాగితాలు అన్నీ చూడాలి. స్క్రూడ్రైవరు పిడితో కర్రను తట్టుకుంటూ వెళ్లండి. లోపల తినేసిన చోట డొల్లగా మోగుతుంది, అక్కడ మొనతో గుచ్చి చూడండి. చెద పైన ఉన్న పెయింటును వదిలేసి లోపలంతా తినేస్తుంది, రంగు నిగనిగలాడే చౌకట్టు కూడా వేలితో నొక్కితే లోపలికి దిగిపోవచ్చు. పెయింటు పొంగడం, తలుపు బిగుసుకుపోవడం వట్టి చెమ్మ వల్ల కూడా జరుగుతుంది, అయినా చెమ్మ ఉన్న చోటికే చెద వస్తుంది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

కనబడిన ప్రతిచోటా ఫోన్లో ఫొటో తీసి, పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. మట్టి గొట్టాలన్నీ అప్పుడే రాల్చేయొద్దు, మందు వేసే మనిషికి దారి చూపించేవి అవే.

3. అవి ఇప్పుడు ఉన్నాయా, ఎప్పుడో వదిలేసినవా?

ఒక గొట్టం మధ్యలో రెండంగుళాలు తుంచండి. లోపల పాలిపోయిన మెత్తటి పురుగులు పరుగెత్తితే ఇక అనుమానం లేదు. ఏమీ కనబడకపోతే ఒక వారం ఆగి మళ్లీ చూడండి, తుంచిన చోట కొత్త మట్టితో అతుకు పడితే రాకపోకలు సాగుతున్నట్టే. అతకలేదంటే ఆ దారి వదిలేశాయని మాత్రమే అర్థం, ఇల్లు వదిలిపోయాయని కాదు. పొడికర్ర చెద అయితే గింజలు ఊడ్చేసి కింద తెల్ల కాగితం పరిచి ఉంచండి, కర్రను కదపకుండా ఉన్నా కొత్తవి పడుతుంటే లోపల పురుగు బతికే ఉంది.

4. ముందు తడి ఆపండి

కారుతున్న కుళాయి, సింకు కింద లీకు, ఏసీ నీళ్లు గోడ పక్కనే పడటం, వాన నీళ్లు పునాది దగ్గర నిలవడం, ఇవన్నీ సరిచేయించండి. గోడ పక్కనున్న కర్రముక్కలు, అట్టలు తీసేయండి. కర్ర ఏదైనా నేరుగా మట్టిని తాకకుండా చూడండి. ఇదంతా చేసినంత మాత్రాన నేలలో ఉన్న గూడు చావదు, కానీ ఇది చేయకుండా మందు పోస్తే కొన్నాళ్లకు సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

5. ఇప్పుడు మందు

నేల చెదకు మందు పడాల్సింది నేలలో. ఇంటి చుట్టూ గోడ వెంట చిన్న కాలువలా తవ్వి మందు నీళ్లు పోస్తారు. లోపల గోడ, ఫ్లోరింగ్ కలిసే చోట దాదాపు అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల కన్నాలు వేసి, కింది మట్టిలోకి మందు ఎక్కించి, సిమెంటుతో మూసేస్తారు. ఈ పని సొంతంగా చేయొద్దని నా గట్టి సలహా. ఫ్లోరింగ్ కింద కరెంటు వైర్లు, నీళ్ల పైపులు ఉంటాయి, మందు కలిపే పాళ్లు తప్పితే పని జరగకపోగా మనుషులకు ప్రమాదం. లైసెన్సు ఉన్నవాళ్లను పిలవండి, పిలిచి ఊరుకోకుండా డబ్బా మీది లేబుల్ చూపించమని అడగండి.

ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందుల ఉనికిని చెదలు పసిగట్టలేవు. మందున్న మట్టిలోంచి నడిచిపోతాయి, వెంటనే చావవు, ఒంటికి అంటిన మందును తోటివాటికి కూడా అంటిస్తాయి. బైఫెంత్రిన్ లాంటివి చెదను దగ్గరికి రానీయవు, కానీ మధ్యలో ఎక్కడ ఖాళీ మిగిలినా అక్కణ్నుంచి దూరతాయి. ఇప్పటికే ఇంట్లో ఉన్న చెదకు మొదటి రకమే మంచిదని నేనంటాను. క్లోర్‌పైరిఫాస్ అని ఎవరైనా చెబితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, ఆరోగ్యం రీత్యా దాన్ని చాలా దేశాలు నిషేధించాయి లేదా కట్టడి చేశాయి.

తవ్వడం, కన్నాలు వేయడం కుదరని ఇళ్లకు ఎర పద్ధతి ఉంది. చెద తినే ఎరలో హెక్సాఫ్లూమ్యురాన్ లాంటి మందు కలిపి ఇంటి చుట్టూ నేలలో పాతిపెడతారు. అది చెదను పాత చర్మం వదిలి ఎదగనివ్వదు, ఒకదాని నుంచి ఒకదానికి గూడంతా పాకుతుంది. ఇందుకు నెలలు పడుతుంది, మధ్యమధ్యలో వచ్చి చూడాలి, ఆ ఓపిక ఉంటేనే ఒప్పుకోండి.

పొడికర్ర చెద ఒక కుర్చీకో బల్లకో మాత్రమే పడితే దాన్ని వెంటనే మిగతా సామానుకు దూరంగా పెట్టండి. చిన్న వస్తువునైతే ప్లాస్టిక్ కవర్లో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండే ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచితే పురుగులు చస్తాయి. పెద్దవాటికి కర్ర లోపలి దాకా 50 డిగ్రీలకు పైగా అరగంట దాటి వేడి తగిలేలా చేస్తారు, ఇల్లంతా పాకితే విషవాయువు పట్టిస్తారు, ఈ రెండూ నిపుణుల పనే. వేడి గానీ వాయువు గానీ తర్వాత రక్షణ ఇవ్వవని గుర్తుంచుకోండి. పెయింటు వేయని కర్రకు బోరేట్ ద్రావణం పూస్తే కొంత రక్షణ ఉంటుంది, అది మీరే చేసుకోవచ్చు, గ్లవ్స్ మాత్రం వేసుకోండి. పెయింటు మీద పూస్తే అది లోపలికి ఇంకదు.

కిరోసిన్ పోయడం మానుకోండి. తగిలిన పురుగు చస్తుంది, గూడు ఉన్నట్టే ఉంటుంది, పైగా ఇంట్లో కర్రను మంట అంటుకునేలా తడిపి పెట్టినట్టవుతుంది. ఉప్పు, వెనిగర్ లాంటివి కూడా గూటి దాకా పోవు.

6. మందు వేసే రోజు, ఆ తర్వాత

పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని మందు ఆరేదాకా అక్కడికి రానివ్వొద్దు. చేపల తొట్టి ఉంటే వేరేచోటికి మార్చండి, ఈ మందులు చాలావరకు చేపలకు విషం. బావి గానీ బోరు గానీ దగ్గర్లో ఉంటే ఆ విషయం పనివాళ్లకు ముందే చెప్పండి, వాళ్లు అడుగుతారులే అని ఊరుకోవద్దు. మందు పడిన మట్టిని తర్వాత తవ్వొద్దు, తవ్వితే అడ్డు తెగిపోతుంది.

పాడైన చౌకట్టును మార్చాలంటే మందు పనిచేసిందని తేలాకే మార్చండి, లేకపోతే కొత్త కర్ర కూడా వాటికి మేతే. దూలం, పైకప్పు కర్రలు డొల్లగా మోగితే వడ్రంగి కన్నా ముందు ఇంజనీరును పిలవండి, అక్కడ ఇంట్లోవాళ్ల ప్రాణాల సంగతి ఉంది. నెల తర్వాత ఆ పాత ఫొటోలు పట్టుకుని గుర్తు పెట్టిన చోట్లన్నీ మళ్లీ తట్టి చూడండి, ఆపైన ఏడాదికోసారి చూడండి, వీలైతే ఉసిళ్లు లేచే కాలంలో.