సబ్ మాటలు బట్టీ కొట్టకుండా పట్టుకోవడం ఎలా?

ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలు ఏటా నా దగ్గరికి ఇంగ్లీషు మాటల జాబితాలు పట్టుకొస్తారు. ఎవరో కోచింగులో ఇచ్చినవే, అన్నీ అక్షరక్రమంలో. సోమవారం గడగడా అప్పజెప్తారు, గురువారానికి "ఏటి మాస్టారూ, ఒక్కటీ నిలవట్లేదు" అంటారు. అలా చదివితే ఎలా నిలుస్తాయి?

కావలసినవి ఒక రూళ్ల నోటుబుక్కు, పెన్సిలు, డిక్షనరీ. పెన్ను వద్దు. ఫోను పక్క గదిలో పెట్టండి.

సబ్ అంటే లాటిన్‌లో 'కింద'. మొదట సబ్ అని మొదలయ్యే ఇంగ్లీషు మాటల్లో మీకు ముందే తెలిసినవి రాయండి. సబ్ ఇన్‌స్పెక్టర్, సబ్ రిజిస్ట్రార్, సబ్ జైలు, కరెంటు సబ్ స్టేషన్, విశాఖ బీచిలో చూసొచ్చిన కురుసుర సబ్‌మెరైన్. శ్రీకాకుళంలో ఇంగ్లీషు రానివాళ్లు కూడా ఇవి వాడతారు.

తర్వాత వాటిని నాలుగు గళ్లలో సర్దండి: నిజంగా కింద ఉన్నవి, హోదాలో కింద ఉన్నవి, మోతాదులో తక్కువైనవి, పెద్దదానిలో ముక్కలు. సబ్‌మెరైన్ మొదటి గడిలోకి, సబ్ ఇన్‌స్పెక్టర్ రెండో దాంట్లోకి, సబ్‌స్టాండర్డ్ మూడో దాంట్లోకి, సబ్ డివిజన్ నాలుగో దాంట్లోకి వెళ్తాయి. పది నిమిషాల పని.

ఇక అందరూ బోల్తాపడేది మూడో పనిలో. సబ్ చాలా మాటల్లో వేషం మార్చుకుని ఉంటుంది. ఉత్, చారణ కలిస్తే ఉచ్చారణ అవుతుంది. ఉత్, లాసం కలిస్తే ఉల్లాసం. లాటిన్‌లోనూ ఇదే జరిగింది. సబ్ చివరి 'బి' తర్వాతి హల్లులా మారిపోతుంది. 'పి' ముందు సపోర్ట్, సప్రెస్. 'ఎఫ్' ముందు సఫిక్స్, సఫొకేట్. 'సి' ముందు సక్కంబ్. 'జి' ముందు సజెస్ట్. సపోర్ట్ అంటే కింద నుంచి మోయడం. సక్కంబ్ అంటే కింద పడిపోవడం, లొంగిపోవడం. కోర్టు సమన్లలో రెండు 'ఎమ్'లు ఎలా వచ్చాయనుకున్నారు? అందులోనూ ఉన్నది సబ్బే. తెలుగు మీడియంలో సంధులు చదివినవాడికి ఇది చెప్పగానే అర్థమవుతుంది. కాన్వెంటు పిల్లలకే రెండుసార్లు చెప్పాలి.

అయితే జంట అక్షరం కనబడగానే సబ్ అని ఎగరొద్దు. సప్పర్‌లో సబ్ లేదు, దానికి చుట్టరికం సూప్‌తో. సమ్మిట్ అయితే పూర్తిగా ఎదురు, అన్నిటికన్నా పైన ఉన్నదని అర్థం. సర్ అని మొదలయ్యేవి ఇంకా మోసం. కరెంటు బిల్లులో సర్‌చార్జి, లెక్కల్లో సర్‌ప్లస్, ఇంటిపేరుకి సర్‌నేమ్: ఈ సర్ ఫ్రెంచి నుంచి వచ్చింది, 'పైన' అని అర్థం. కానీ సరొగేట్‌లో ఉన్నది సబ్బే. చూసి చెప్పేద్దామంటే కుదరదు.

నేను వాడే పరీక్ష ఒకటే. ముందు ముక్క వేలితో మూయండి. మిగిలింది ఇంకో మాటలో బతికి ఉందా? పోర్ట్ ఉంది, ఇంపోర్ట్‌లో, ట్రాన్స్‌పోర్ట్‌లో. ప్రెస్ ఉంది. సప్పర్‌లో మిగిలిన 'పర్' ఎక్కడా దేనికీ పనికిరాదు. అయినా తేలకపోతే, సర్ మాటలకైతే తప్పకుండా, డిక్షనరీలో ఆ మాట పుట్టుక చూడండి. ఊహించి మాత్రం రాయొద్దు. రబ్బరుతో చెరిపినా తప్పు బుర్రలో ఉండిపోతుంది.

నాలుగోది హైపో. మన 'ఉప', గ్రీకుల హైపో, లాటిన్ సబ్ ఒకే వేరు నుంచి పుట్టినవి. హైపోథైరాయిడ్ అంటే ఆ గ్రంథి తక్కువ పనిచేయడం. హైపర్ దీనికి తలకిందులు. బీపీ పెరిగితే హైపర్‌టెన్షన్, పడిపోతే హైపోటెన్షన్. మందుల చీటీ చదివేటప్పుడు ఈ రెండూ కలపకండి. స్పెల్లింగులో హైపోకి 'వై' రాయాలి. 'ఐ' రాసి రెండు 'పి'లు పెడితే గ్రీకు గుర్రం వస్తుంది, నీటిగుర్రం హిప్పో అందులోంచే.

'కింద' అనే అర్థమే ఉన్న అండర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, విప్పితే తెలిసిపోతుంది. అండర్‌స్టాండ్ ఒక్కటి వదిలేయండి, అందులో 'కింద' వెతికితే దొరకదు.

రోజుకి ఐదు మాటలు, అవీ పొద్దున్నే.

ఇంకోటి, తెలుగులో 'ఉప' కనబడిన చోటల్లా సబ్ తగిలించకండి. సంగాం దగ్గర నాగావళిలో కలిసే సువర్ణముఖి ఉపనదే, నిజమే. దాన్ని సబ్‌రివర్ అని రాసిన కుర్రాడికి సున్నా వేశాను. ఇంగ్లీషులో దాన్ని ట్రిబ్యుటరీ అంటారు.