కళ్ల ముందే ఒకరు కుప్పకూలడం చూశాక పట్టుకునే భయం: దాటడం ఎలా?

బస్సులో పక్క సీటు మనిషి ఛాతీ పట్టుకుని వాలిపోవచ్చు. ఆఫీసులో తోటి ఉద్యోగికి ఫిట్స్ రావచ్చు. భోజనం దగ్గర ఒకరికి ముద్ద గొంతుకు అడ్డం పడి ఊపిరి ఆడకపోవచ్చు. అంబులెన్స్ వచ్చి తీసుకెళ్తుంది. అందరూ రోగి గురించే అడుగుతారు. చూసినవాళ్లు ఎలా ఉన్నారని అడిగేవాళ్లు తక్కువ. "నాకేం కాలేదు కదా, మరి ఈ వణుకెందుకు?" అని సిగ్గుపడి భయాన్ని లోపలే దాచుకునేవాళ్లు చాలామంది. మరొకరి ప్రాణాపాయాన్ని కళ్లారా చూడటం కూడా మనసుకు గాయమేనని మానసిక వైద్యం ఎప్పుడో గుర్తించింది. ఎక్కువమందికి ఈ భయం కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఈలోగా దాన్ని పెంచే పనులు చేయకుండా చూసుకోవడం మన చేతుల్లో ఉంది.

1. మొదటి కొన్ని గంటలు శరీరాన్ని చూసుకోండి

చేతులు వణకడం, నోరు ఎండిపోవడం, గుండె దడ, కాళ్లలో నీరసం, ఇవన్నీ ప్రమాదం ఎదురైనప్పుడు శరీరంలో విడుదలయ్యే అడ్రినలిన్ అనే హార్మోన్ చేసే పనులు. ఎక్కడైనా కూర్చోండి. రెండు పాదాలూ నేలకు ఆనించండి. 4 లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. కొన్ని నిమిషాలు ఇలా చేస్తే చాలు. తల తిరిగినట్టుంటే ఆపేసి మామూలుగానే ఊపిరి తీసుకోండి. వెంటనే బండి నడపకండి. తోడుగా ఒకరిని ఉండమనండి.

ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. మద్యం తాగి పడుకోవడం, ఇంట్లో ఉన్న నిద్రమాత్ర వేసుకోవడం మాత్రం వద్దు. ఇలాంటి ఘటన తర్వాత మొదటి నెలలో టెన్షన్ తగ్గడానికి బెంజోడయాజిపీన్ రకం (ఆందోళన తగ్గించి మత్తునిచ్చే) మాత్రలు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది.

2. చెప్పాలనిపిస్తేనే చెప్పండి

నమ్మకమైన మనిషితో మాట్లాడితే బరువు తగ్గుతుంది. అయితే అడిగిన ప్రతివాళ్లకూ మొదటి నుంచి వర్ణించి చెప్పాల్సిన అవసరం లేదు. "ఇప్పుడు చెప్పలేను" అంటే సరిపోతుంది. ఎవరైనా వీడియో తీసి ఉంటే దాన్ని చూడకండి, పంపకండి.

3. కొన్ని రోజులయ్యాక, జరిగింది చివరిదాకా రాయండి

భయపడిన మనసు ఒక్క దృశ్యం దగ్గరే ఆగిపోతుంది. ఆ ముఖం, ఆ శబ్దం మళ్లీ మళ్లీ గుర్తొస్తాయి. కాబట్టి కథను అక్కడ ఆపకుండా ముందుకు నడపండి: ఎవరు సాయానికి వచ్చారు, అంబులెన్స్ ఎలా వెళ్లింది, మీరు ఇంటికెలా చేరారు. రాస్తుంటే తట్టుకోలేనంతగా అనిపిస్తే ఆపేయండి.

తెలియని విషయాలు తెలుసుకోవడమూ ఇక్కడ పనికొస్తుంది. గుండె ఆగినప్పుడు కొందరిలో గురకలాంటి, ఎగశ్వాసలాంటి శబ్దం వస్తుంది. "ఎంత నరకం అనుభవించారో" అని చూసినవాళ్లు కుమిలిపోతారు. అప్పటికి ఆ మనిషికి స్పృహ ఉండదు. అది మెదడు కాండం నుంచి వచ్చే అసంకల్పిత చర్య. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్‌లో కూడా స్పృహ ఉండదు, తర్వాత వాళ్లకు అది సాధారణంగా గుర్తుండదు.

4. "నేను ఇంకా ఏదైనా చేసి ఉంటే..."

ఈ ఆలోచన భయం కంటే ఎక్కువగా తొలుస్తుంది. రెండు సంగతులు గుర్తుంచుకోండి. కొయ్యబారిపోవడం పిరికితనం కాదు, హఠాత్ ప్రమాదానికి నాడీవ్యవస్థ స్పందించే తీరుల్లో అదొకటి. రెండోది, ఇప్పుడు మీకు తెలిసినవి ఆ నిమిషంలో తెలియవు. ఆస్పత్రి బయట గుండె ఆగితే, పక్కనున్నవాళ్లు అన్నీ సరిగ్గా చేసినా చాలామంది బతకరు. ఫోన్ చేసినా, జనాన్ని పక్కకు జరిపినా, చేయి పట్టుకున్నా అది సాయమే.

5. తప్పించుకోవడం, తడిమి చూసుకోవడం

భయాన్ని నెలల తరబడి నిలబెట్టేవి ఈ రెండే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

మొదటిది, ఆ చోటికి వెళ్లడం మానేయడం. మానేసిన రోజు హాయిగానే ఉంటుంది. మనసు మాత్రం "వెళ్లి ఉంటే ఏదో అయ్యేది" అని నేర్చుకుంటుంది, మర్నాడు భయం ఇంకాస్త పెరుగుతుంది. మెట్లు మెట్లుగా తిరిగి వెళ్లండి. ముందు ఆ వీధి మీదుగా నడవండి. తర్వాత స్నేహితుడితో లోపలికి వెళ్లి కాసేపు ఉండండి. ఆపై ఒంటరిగా. దడ మొదలవగానే పారిపోకుండా, అది కొంచెం తగ్గేదాకా అక్కడే ఉండండి. ఒక మెట్టు తేలికయ్యాకే తర్వాతిది.

రెండోది, "నాకూ అలాగే అవుతుందేమో" అనే దిగులు. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే అన్నట్టు, మెట్లెక్కితే వచ్చే మామూలు దడ కూడా గుండెపోటులా అనిపిస్తుంది. గంటకోసారి నాడి పట్టుకోవడం, స్మార్ట్‌వాచ్ చూడటం, బీపీ కొలవడం, రాత్రంతా లక్షణాల కోసం ఇంటర్నెట్‌లో వెతకడం మొదలవుతాయి. ప్రతి చూపూ రెండు నిమిషాల ఊరటనిచ్చి, కొత్త అనుమానాన్ని మిగులుస్తుంది. షుగరో బీపీయో, ఇంట్లో గుండెజబ్బుల చరిత్రో ఉంటే ఒకసారి డాక్టరును కలిసి, ఆయన చెప్పిన పరీక్షలు చేయించుకోండి. ఫలితం బాగుంటే అవే పరీక్షలు మళ్లీ మళ్లీ వద్దు. తడిమి చూసుకోవడాన్ని రోజురోజుకీ తగ్గించండి. కొత్తగా ఛాతీలో నొప్పి, బరువు, ఊపిరాడకపోవడం వస్తే మాత్రం టెన్షనే అనుకుని కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

6. మనసు కుదుటపడ్డాక ప్రథమ చికిత్స నేర్చుకోండి

మొదటి వారంలోనే వద్దు. ఆ తర్వాత మాత్రం తప్పక నేర్చుకోమంటాను, ఎందుకంటే ఈ భయంలో పెద్ద భాగం "నాకేం చేయాలో తెలియలేదు" అన్న నిస్సహాయతే. గుండె ఆగిన పెద్దవాళ్లకు చేసే సీపీఆర్ అంటే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కడం. ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టకూడదు. తలకు దెబ్బ తగలకుండా చూసి, కుదరగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. బొమ్మ మీద చేతులతో సాధన చేయించే తరగతికి వెళ్లండి. అక్కడ వణుకు వస్తే కాసేపు బయటికొచ్చి మళ్లీ వెళ్లొచ్చు.

7. పిల్లలు చూసి ఉంటే

"ఏం లేదులే" అని దాటేయకండి. జరిగింది తేలిక మాటల్లో నిజంగా చెప్పండి. తమ వల్లే జరిగిందని అనుకుంటున్నారేమో అడగండి. రోజువారీ పనులు మామూలుగా సాగనివ్వండి.

8. డాక్టరు సాయం ఎప్పుడు?

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, అదే దృశ్యం కళ్ల ముందు తిరగడం తగ్గకపోతే సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. నిద్ర, పని పూర్తిగా దెబ్బతింటే నెల ఆగక్కర్లేదు. ఇలాంటి గాయాల కోసమే రూపొందించిన సీబీటీ (ఆలోచనల తీరును, అలవాట్లను మార్చే మాటల చికిత్స), ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) ఉన్నాయి. అవి చేస్తారా అని అడగండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పి, ఒంటరిగా ఉండకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.