ఇంటి స్టూడియోలో మిక్సింగ్ – 4వ పాఠం: కన్సోల్ ప్లగిన్‌ను కొలిచి చూడటం

గత పాఠంలో విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతర పాటకు 12 ట్రాకుల లెవెళ్లు సర్దుకున్నాం. ప్రధాన గొంతు 1, కోరస్ 3, జముకు 1, డప్పు 2, తప్పెటగుళ్లు 2, గజ్జెలు 1, బొబ్బిలి వీణ 1, కీబోర్డు బేస్ 1. ఒక్కో ట్రాకు సగటు లెవెల్ −18 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్‌లో పట్టే గరిష్ఠ లెవెల్‌ను 0 అనుకుని లెక్కపెట్టే కొలత) దగ్గర పెట్టమన్నాం. ఆ అంకె ఎందుకో ఈ పాఠంలో తెలుస్తుంది. ఆ సెషన్ ఫైలే తెరవండి, కొత్త రికార్డింగ్ అక్కర్లేదు.

పాత అనలాగ్ కన్సోల్‌ను, అంటే స్టూడియోలో ట్రాకులను కలిపే పెద్ద మిక్సింగ్ బల్లను, అనుకరించే ప్లగిన్లు చాలా ఉన్నాయి. ప్రతి ట్రాకు మీదా ఒకటి, మాస్టర్ మీద ఒకటి వేస్తే పాటకు వార్మ్‌త్ వస్తుందనీ, వాయిద్యాలు ఒకదానికొకటి అతుక్కుంటాయనీ అమ్మేవాళ్లు చెబుతారు. కొలవకుండా ఆ మాట నమ్మొద్దు, కొలవకుండా కొట్టిపారేయొద్దు కూడా. కొలవడానికి ఒక సాయంత్రం చాలు. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 రోజుల ట్రయల్‌తోనే పనంతా అయిపోతుంది.

అసలు కన్సోల్‌లో ఏముండేది

1970ల నాటి నీవ్ కంపెనీ కన్సోళ్లలో సిగ్నల్ లోపలికొచ్చే చోటా బయటికెళ్లే చోటా ట్రాన్స్‌ఫార్మర్లు ఉండేవి. వోల్టేజీ పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో అయస్కాంత ప్రవాహం పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ తగ్గినా పెరుగుతుంది. ఒకే లెవెల్లో 100 హెర్ట్జ్ స్వరం కంటే 50 హెర్ట్జ్ స్వరం కోర్‌ను రెండింతలు నింపుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ డిస్టార్షన్ ముందు బేస్‌లో పుడుతుంది. మన పాటలో అది పట్టేది జముకునూ కీబోర్డు బేస్‌నూ, గజ్జెలను కాదు. ఎస్‌ఎస్‌ఎల్ కంపెనీ ‘4000 ఇ’ మోడల్ కన్సోల్‌లోనైతే ఫేడర్ల వెనక వీసీఏలు (వోల్టేజీతో లెవెల్ మార్చే సర్క్యూట్లు) ఉంటాయి, కాబట్టి దాని డిస్టార్షన్ తీరు వేరు. ఇవిగాక పక్క చానల్ శబ్దం కొద్దిగా ఇటు కారడం (క్రాస్‌టాక్), సన్నని హిస్ ఉండేవి.

ప్లగిన్ అనుకరించేది ఇంతవరకే: హార్మోనిక్స్ (డిస్టార్షన్ వల్ల అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు ఫ్రీక్వెన్సీలో పుట్టే స్వరాలు), ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌లో చిన్న వంపులు, క్రాస్‌టాక్, హిస్. ఆ కన్సోళ్ల మీద తయారైన రికార్డుల్లో గది, మైకు, టేపు, వాయించినవాళ్ల చెయ్యి కూడా ఉన్నాయి. అవి ఏ ప్లగిన్‌లోనూ రావు.

చానల్‌కీ చానల్‌కీ ఉండే చిన్న తేడాలను కూడా కొన్ని ప్లగిన్లు అనుకరిస్తాయి. బ్రెయిన్‌వర్క్స్ కంపెనీ కన్సోల్ ప్లగిన్లలో ఇలాంటి 72 చానళ్లున్నాయి. స్టూడియోల్లో టెక్నీషియన్లు గంటల తరబడి కూర్చుని కన్సోల్‌ను అలైన్ చేసింది ఈ తేడాలను తగ్గించడానికే. అవి ఎంతున్నాయో తెలియాలంటే ఒకే ట్రాకును 1వ చానల్లోంచీ 2వ చానల్లోంచీ రెండర్ చేసి (ఆడియో ఫైలుగా తీసి), కింద చెప్పే నల్ టెస్ట్ పెట్టండి.

−18 ఎందుకు

స్టూడియో లైన్ లెవెల్ +4 డీబీయూ (అనలాగ్ వోల్టేజీ కొలత) దగ్గర, సగటు లెవెల్ చూపే వీయూ మీటరు ముల్లు 0 చూపుతుంది. కన్సోల్ ప్లగిన్లలో ఎక్కువ భాగం ఆ 0ను −18 డీబీఎఫ్‌ఎస్‌తో సమానం చేసుకుని ఉంటాయి. మీ ప్లగిన్‌లో ఆ అంకె మార్చే మీట ఉందేమో మాన్యువల్లో చూడండి. డప్పు ట్రాకు సగటు −10 దగ్గరుంటే 8 డీబీ ఎక్కువగా తోసినట్టు లెక్క. డిస్టార్షన్ కొద్దిపాటిగా ఉన్నంతవరకు, 8 డీబీ తోస్తే అసలు స్వరంతో పోల్చి రెండో హార్మోనిక్ సుమారు 8 డీబీ, మూడోది సుమారు 16 డీబీ పైకొస్తాయి. ఒకే ప్లగిన్ గురించి ఒకరు ‘ఏమీ చెయ్యట్లేదు’ అని, ఇంకొకరు ‘పాటే మారిపోయింది’ అని వాదించుకోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఇద్దరూ తోసిన లెవెల్ వేరు.

నల్ టెస్ట్

ప్లగిన్లు లేకుండా పాటను 24 బిట్ వేవ్‌గా రెండర్ చేయండి. డిథర్ (రెండర్‌లో కలిపే సన్నని నాయిస్) ఆపండి. మళ్లీ అదే రెండర్ ఇంకోసారి చేయండి. రెండు ఫైళ్లనూ కొత్త ప్రాజెక్టులో ఒకే చోట మొదలయ్యేలా పెట్టి, ఒకదాని పోలారిటీ తిప్పండి, అంటే తరంగాన్ని తలకిందులు చేయండి; రెండూ ఒకటే అయితే కొట్టేసుకుంటాయి. రీపర్‌లో ట్రాకు పక్కనున్న ఫేజ్ బటన్ ఆ పని చేస్తుంది. మీటరు కదలకూడదు. కదిలిందంటే మిక్స్‌లోనే ఏదో ప్రతిసారీ మారుతోందన్నమాట. కోరస్ ఎఫెక్టో, మాడ్యులేషన్ ఉన్న రివర్బో అయ్యుంటుంది. దాన్ని ఆపి మళ్లీ చేయండి. ఈ ఖాళీ పరీక్ష దాటనిదే ముందుకు వెళ్లొద్దు.

ఇప్పుడు కన్సోల్ ప్లగిన్లన్నీ ఆన్ చేసి, నాయిస్ మీట మాత్రం ఆఫ్‌లో ఉంచి రెండర్ చేయండి. రెండో సాదా ఫైలు తీసేసి దాని చోట దీన్ని పెట్టండి. మిగిలే శబ్దాన్ని శేషం అందాం.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. రెండు ఫైళ్ల మధ్య 0.1 డీబీ లెవెల్ తేడా ఉన్నా చాలు, శేషం పాట కంటే 39 డీబీ కింద వినపడుతుంది. 1 డీబీ తేడా ఉంటే 18 డీబీ కిందే, అంటే బాగా బిగ్గరగా ఉంటుంది. అది ‘కన్సోల్ సౌండ్’ కాదు, వాల్యూం తేడా. ఆన్ చేయగానే అర డీబీ పెరిగితే చాలు, ఏ చెవికైనా పాట బాగుపడినట్టే ఉంటుంది. కాబట్టి రెండింటి ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తెలిసే బిగ్గర కొలత) కొలిచి సమం చేయండి. తర్వాత ప్లగిన్ ఫైలు గెయిన్‌ను 0.01 డీబీ చొప్పున అటూ ఇటూ జరుపుతూ శేషం ఎక్కడ అతి తక్కువైతే అక్కడ ఆపండి.

శేషం పైస్థాయి శబ్దాలతో పలచగా, గలగలా గట్టిగా ఉంటే ఆలస్యం తేడా కావచ్చు. 44.1 కిలోహెర్ట్జ్ సెషన్‌లో ఒక్క శాంపిల్ జరిగినా 100 హెర్ట్జ్ దగ్గర శేషం −37 డీబీ ఉంటుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి అసలు శబ్దం కంటే 2 డీబీ పైనే ఉంటుంది. ఫైలును బాగా పెద్దదిగా చేసి, డప్పు మొదటి దెబ్బను చూస్తూ శాంపిల్ శాంపిల్‌గా జరపండి.

ఇవన్నీ సరిచేశాక శేషాన్ని హెడ్‌ఫోన్లో వినండి. పాటంతా బేస్‌తోనో ట్రెబుల్‌తోనో నిండి సాఫీగా వినిపిస్తే అది ఈక్వలైజర్ పని. డప్పు దెబ్బకూ జముకు తీగ మీటినప్పుడూ మాత్రమే చిటపటమంటే అది డిస్టార్షన్. మొదటిదనిపిస్తే సాదా ఫైలు మీద రీపర్‌లోని ఈక్వలైజర్ రియా ఈక్యూ వేయండి. 60 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్‌తో (దానికి కిందున్నదంతా కలిపి మార్చే మీట; హై షెల్ఫ్ పైనున్నదంతా) మొదలుపెట్టి 0.3 డీబీ పెంచి చూడండి, పైన 12 కిలోహెర్ట్జ్ దగ్గర హై షెల్ఫ్ 0.3 తగ్గించి చూడండి. శేషం తగ్గుతున్న వైపే వెళ్లండి. అలా రెండు మూడు మీటలతో శేషం పాట కంటే 60 డీబీ కిందికి దిగిపోతే, ఈ పాట వరకు ఆ ప్లగిన్ చేసిన పని మీ దగ్గరున్న ఈక్వలైజర్ చేయగలిగిందే. దిగకపోతే మిగిలినదే ప్లగిన్ అసలు పని.

సమ్మింగ్ సంగతి

కంప్యూటర్‌లో ట్రాకులను కలపడమంటే కూడిక. 32 బిట్ ఫ్లోట్‌లో దాని రౌండింగ్ తప్పులు పాట కంటే 140 డీబీకి పైగా కింద ఉంటాయి. ‘డిజిటల్ సమ్మింగ్ పాటను చదును చేస్తుంది’ అన్న మాటకు ఆధారం లేదు.

అలాగని ఒక్క ట్రాకుతో పరీక్షించి ‘ఇది ఏమీ చెయ్యట్లేదు’ అని తేల్చేయడమూ తప్పే. ఎయిర్‌విండోస్ వారి ఉచిత కన్సోల్ ప్లగిన్ల జత మంచి ఉదాహరణ. వాటి తొలి తరాల్లో ఒకదానిలో చానల్ ప్లగిన్ సిగ్నల్‌ను సైన్ ఫంక్షన్ గుండా పంపితే, ట్రాకులన్నీ కలిసే చోటున్న బస్ ప్లగిన్ దాని విలోమం గుండా పంపుతుంది. ఒక్క ట్రాకే ఉంటే రెండూ కొట్టేసుకుంటాయి, నల్ టెస్ట్‌లో నిశ్శబ్దం వస్తుంది. 12 ట్రాకులు కలిసినప్పుడు కొట్టేసుకోవు, ఒక ట్రాకు ఇంకో ట్రాకు మీద పనిచేస్తుంది. ప్రతి ట్రాకులో విడివిడిగా శాచురేషన్ (మెత్తని డిస్టార్షన్) వేయడం వల్ల ఇది రాదు. అందుకే పూర్తి మిక్స్‌ను రెండర్ చేయమన్నాం.

గజ్జెలు గరగరమంటే

ఖాళీ ట్రాకులో టోన్ జెనరేటర్‌తో 7 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్‌ను −6 డీబీఎఫ్‌ఎస్ దగ్గర పెట్టి, ప్లగిన్ తర్వాత ఫ్రీక్వెన్సీలను గీతలుగా చూపే వాక్సెంగో స్పాన్ వేయండి. ఇది కూడా ఉచితమే. 14, 21 కిలోహెర్ట్జ్ దగ్గర గీతలు హార్మోనిక్స్, వాటితో పేచీ లేదు. 9.1 దగ్గర గీత కనిపిస్తే అది ఐదో హార్మోనిక్. 44.1 శాంపిల్ రేటులో దాని సగం, అంటే 22.05 కిలోహెర్ట్జ్ దాకానే చోటుంటుంది, కనుక 35 కిలోహెర్ట్జ్‌ మడత పడి కిందికొచ్చింది. దీన్నే ఎలియాసింగ్ అంటారు. ఏ అనలాగ్ కన్సోల్‌లోనూ ఇది ఉండదు. గజ్జెల్లో శక్తి అంతా పైస్థాయిలోనే ఉంటుంది కనుక గరగర ముందు అక్కడే బయటపడుతుంది. ప్లగిన్‌లో ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఎక్కువ శాంపిల్ రేటుతో లెక్కకట్టడం) ఉంటే 4 రెట్లు పెట్టి చూడండి, గీత దిగాలి. దిగకపోతే గజ్జెల ట్రాకు మీద ఆ ప్లగిన్ వేయొద్దు.

చివరగా చెవి

సమం చేసిన రెండు ఫైళ్లలోంచి 20 సెకన్ల ముక్క కోయండి. చరణంలోంచి జముకు, గొంతు, గజ్జెలు మూడూ ఉన్న చోటు ఎంచుకోండి. ఫూబార్ 2000 ప్లేయర్‌లో ఏబీఎక్స్ కంపారేటర్ (ఏ ఫైలో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమనేది) వేసి 16 సార్లు పరీక్షించుకోండి. ఎన్నిసార్లో ముందే రాసి పెట్టుకోవాలి, బాగా వస్తున్నప్పుడు మధ్యలో ఆపకూడదు. 16లో 12 సరిపోతే ఊహతో అలా రావడానికి అవకాశం 4 శాతం లోపే. 9, 10 దగ్గర ఆగితే తేడా విన్నట్టు చెప్పుకోలేం. ఫ్యాను ఆపి, హెడ్‌ఫోన్లతో, ఎనిమిది పరీక్షల తర్వాత పావుగంట విరామం ఇచ్చి చేయండి.

తేడా వినపడిందంటే బాగుందని కాదు. జముకులో 80 హెర్ట్జ్ స్వరానికి 160, 240 హార్మోనిక్స్ తోడైతే ఫోన్ స్పీకర్లో కూడా జముకు తెలుస్తుంది. అది నిజమైన లాభం. మూడు లాంతర్ల నుంచి కోట దాకా సిరిమాను తిరిగే దారిలో పెద్ద బాక్సులకైతే 80 హెర్ట్జే చాలు, ఆ హార్మోనిక్స్ గొంతుకు అడ్డొస్తాయి. పైగా ఆ లాభం కోసం కన్సోల్ పేరున్న ప్లగిన్ కొననక్కర్లేదు. రీపర్‌తోపాటే వచ్చే జేఎస్ శాచురేషన్‌ను జముకు ట్రాకు ఒక్కదాని మీద వేసి, లెవెల్ సమం చేసి, ఇదే పరీక్ష పెట్టి పోల్చండి.

5వ పాఠానికి రెండు ఫైళ్లు దాచండి: సాదా రెండరు, ఇవాళ్టి శేషం. బొబ్బిలి వీణకూ గజ్జెలకూ ఈక్వలైజర్ పెట్టేటప్పుడు రెండూ కావాలి.