బొమ్మకు ఊహ తోచనప్పుడు

తెల్ల కాగితం ముందు ఏమీ తోచక కూర్చున్నప్పుడు, ఫోనులో ఇతరుల బొమ్మలు వెతకడం మాని, పెన్సిలూ చిన్న పుస్తకమూ తీసుకుని శ్రీకాకుళం జిల్లా పొందూరు వెళ్ళండి. అక్కడ ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. ఆ సన్నని పళ్ళ వరుసలోంచి పత్తి పోగులు జారుతుంటే, అనుమతి అడిగి పక్కన కూర్చుని, ఎముకను కాక దానిని పట్టుకున్న వేళ్ళను ముందు గీయండి. పనిముట్టు కంటే పనిచేసే చేయే ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణ కోసం పనస దుంగను తొలిచేటప్పుడు రాలే చెక్కపేళ్ళ వంపులూ చూడదగినవే.

సవర గిరిజనుల గోడచిత్రాలలో ఎర్రమట్టి మీద బియ్యప్పిండితో మనుషులూ గుర్రాలూ చెట్లూ నిండి ఉంటాయి. అవి పూజకు గీసేవి కనుక నకలు తీయకుండా, పద్ధతిని మాత్రం గ్రహించండి. అట్టకు ఎర్రమట్టి పూసి ఆరనిచ్చి, నానబెట్టి నూరిన బియ్యపు ముద్దను నీటితో కలిపి, కొన నలగ్గొట్టిన వేపపుల్లతో మీ వీధిని గీయండి. తడిగా ఉన్నప్పుడు గీత సరిగా కనబడదు. ఆరిన తరువాతే తెల్లబడుతుంది కాబట్టి, తొందరపడి దానిమీద మళ్ళీ పూయకండి.