మంట పెంచకుండా సున్నుండలు చేయడం ఎలా?

నెలకు ఒకసారైనా మా అపార్టుమెంటులో ఎవరో ఒకరు స్టీలు డబ్బా పట్టుకొని మా తలుపు తడతారు. మూత తీస్తే లోపల సున్నుండలు. "అక్కా, బాబు నోట్లో పెట్టుకొని ఉమ్మేస్తున్నాడు, ఎందుకో చూడండి" అంటారు. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే చాలు, సంగతి తెలిసిపోతుంది. అంగిలికి అంటుకుపోతుంది, నాలుకతో గీకినా ఊడిరాదు. వాసన చూస్తే పండగనాడు ఒంటికి రుద్దుకునే సున్నిపిండే గుర్తొస్తుంది. బాబు తప్పేమీ లేదు. పప్పు వేగలేదు.

"ఎంతసేపు వేయించావమ్మా?" అని అడుగుతాను. "ఏడెనిమిది నిమిషాలు అక్కా, బాగా ఎర్రబడింది కూడా" అంటుంది. ఏడెనిమిది నిమిషాల్లో పావుకిలో మినప్పప్పు ఎర్రబడుతుంది, నిజమే. వేగదు. ఈ రెండింటికీ తేడా తెలియకనే ఈ ఊళ్లో ఇన్ని సున్నుండలు చెడిపోతున్నాయి.

అసలు సున్నుండలే ఎందుకంటే, పసిపిల్లలున్న ఇంట్లో సాయంత్రం ఆరున్నర గంటలంత కష్టమైన వేళ మరొకటి లేదు. గచ్చిబౌలి నుంచో మాదాపూర్ నుంచో ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇంటికి చేరేసరికి బిడ్డ ఆకలితో కాళ్లకు చుట్టుకుంటుంది. కుక్కర్ పెట్టే ఓపిక ఉండదు. చేతికి అందేది ఉస్మానియా బిస్కెట్టు. చాయ్‌లో ముంచుకోవడానికి దానికి సాటి లేదు, నేనూ తింటాను. కానీ అది మైదా, వెన్న, చక్కెర. రెండేళ్ల బిడ్డ కడుపు ఎంతని, అందులో సగం దానితోనే నింపితే ఇక రాత్రి పప్పన్నం ఎక్కడ పడుతుంది? ఆ వేళకు బిస్కెట్టుకు బదులు చేతికి అందాల్సింది సున్నుండ.

ప్రోటీన్ అనగానే డబ్బాల్లో అమ్మే పొడుల వైపు పరుగెత్తే తల్లిదండ్రులకు ఒక లెక్క చెప్తాను. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలకు రోజుకు కావలసిన ప్రోటీన్ 12.5 గ్రాములు. నాలుగు నుంచి ఆరేళ్ల వాళ్లకు 16 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములు ఉంటుంది, గ్లాసు పాలలో మరో ఆరు. మిగిలిన కాస్తకు ఏ పొడీ కొనాల్సిన పని లేదు, నాలుగు గింజలు సరిగ్గా వేయిస్తే చాలు. ఆ సంస్థ రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్' అని ఒకటి ఉంది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. అన్నీ వేయించి పొడి చేసి కలిపితే 330 కిలోక్యాలరీలు, 11 గ్రాముల పైన ప్రోటీన్. పోషకాహారం అందని పిల్లల కోసం శాస్త్రవేత్తలు కూర్చిన మిశ్రమం అది. మన అమ్మమ్మలు చూస్తే "ఇందులో కొత్తేముంది" అని ఉండేవారు. అంగన్వాడీల్లో ఇచ్చే బాలామృతంలోనూ గోధుమలు, శనగపప్పు, పాలపొడే ప్రధానం.

కావలసినవి

పొట్టు మినప్పప్పు పావు కిలో, పల్లీలు 100 గ్రాములు, నువ్వులు రెండు పెద్ద చెంచాలు, బియ్యం రెండు పెద్ద చెంచాలు, బెల్లం 200 గ్రాములు, నెయ్యి 120 గ్రాములు, రెండు ఏలకులు. మందపాటి ఇనుప బాణలి, చెక్క గరిటె, మిక్సీ, జల్లెడ, వెడల్పాటి పళ్లేలు రెండు. నాన్‌స్టిక్ బాణలి వద్దు.

మినప్పప్పు పొట్టుదే తీసుకోండి. ఛాయపప్పుతో చేసినవి చూడ్డానికి తెల్లగా, అందంగా ఉంటాయి, రుచి మాత్రం పొట్టుపప్పుకే. పైగా అందులో ఒక సౌకర్యం ఉంది. బద్దకు ఒక వైపు నలుపు, ఇంకో వైపు తెలుపు కాబట్టి ఆ తెల్లవైపు రంగు మారడం కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. బేగంబజార్‌కు వెళ్లగలిగితే అక్కడ కొనండి, లేదంటే జనం ఎక్కువగా వచ్చే కిరాణా కొట్టులో. ఏడాదిగా అలమరలో పడి ఉన్న పప్పు ఎంత వేయించినా కమ్మదనం రాదు.

పల్లీలు మాత్రం ఒక్కొక్కటీ చూసి ఏరాలి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి తీసి పారేయండి. బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వేరుశనగలో ఈ బెడద మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారంటే అది చిన్న విషయం కాదని తెలుస్తుంది. తినేటప్పుడు ఒక చేదు పల్లీ తగిలితే పెద్దవాళ్లం ఉమ్మేస్తాం. పొడిలో కలిసిపోతే బిడ్డకు తెలిసే దారే లేదు.

వేయించడం

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. మిగతాదంతా ఎలా చేసినా నడుస్తుంది, ఇది నడవదు.

మొదటి మాట: అన్నీ కలిపి వేయించకండి. నువ్వులు రెండు నిమిషాల్లో చిటపటమంటాయి, పల్లీలకు పది నిమిషాలు పడుతుంది, మినప్పప్పుకు ఇరవై నుంచి ఇరవై ఐదు. ఒకే బాణలిలో వేస్తే నువ్వులు మాడి చేదెక్కే సమయానికి మినప్పప్పు ఇంకా పచ్చిగానే ఉంటుంది. దేనికది విడిగా వేయించాలి.

పప్పును కడిగి వేయించడం చాలామంది ఇళ్లలో అలవాటు. నేను కడగను. తడి గుడ్డతో రెండుసార్లు తుడిచి గంటసేపు ఫ్యాను కింద ఆరబెడతాను. కడిగిన పప్పు పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి పట్టుకొని ఉంటుంది. బాణలిలో అది ముందు ఉడికి, తరువాత వేగుతుంది. మీకు కడగకుండా మనసొప్పకపోతే ముందురోజే కడిగి ఎండలో పెట్టండి. వానాకాలంలో ఆ సాహసం చేయకండి.

బాణలి సన్న మంట మీద రెండు నిమిషాలు వేడెక్కాక పప్పు వేయండి. బాణలి అడుగు కప్పేంత పలుచగా ఉండాలి, పావు కిలోకు మించవద్దు. కిలో చేయాలంటే నాలుగు వాయిలు వేయించండి. "ఒకేసారి అయిపోతుంది కదా" అనుకొని కిలో పోస్తే అడుగున ఉన్నది మాడుతుంది, పైనున్నది వేడెక్కుతుంది, రెండూ కలిసి డబ్బాలోకి చేరతాయి.

మంట మొదట ఎంత ఉందో చివరి వరకూ అంతే ఉండాలి. పది నిమిషాలయ్యాక ఏ మార్పూ కనిపించక చేయి స్టవ్వు మీటవైపు పోతుంది. ప్రతి ఒక్కరికీ పోతుంది, ఇన్నేళ్ల తరువాత నాకూ పోతుంది. ఆ చేతిని వెనక్కి లాక్కోండి. మంట పెంచితే లోపలికి వేడి చేరేలోపే పప్పు పైపొర ఎర్రబడుతుంది. చూపుకు వేగినట్టే ఉంటుంది, కొరికితే మధ్యలో సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. ఆ తెల్లటిదే అంగిలికి అంటుకునేది. పచ్చి పప్పుల్లో ప్రోటీన్‌ను అరగనివ్వకుండా అడ్డుకునే పదార్థాలు కూడా ఉంటాయి, లోపలికంటా వేడి తగిలితేనే అవి చాలావరకు నశిస్తాయి. ప్రోటీన్ కోసం చేసుకున్న తిండి, సగం వేగి ఆ ప్రోటీన్‌కే అడ్డం పడితే ఇంత శ్రమ ఎందుకు?

గరిటె ఆపకూడదు. ఫోను పక్క గదిలో పెట్టి రండి. నేను రేడియో పెట్టుకుంటాను, దానికి చేతులతో పని లేదు కాబట్టి.

ఇక వాసన. గడియారం కంటే దీన్నే నమ్మండి. మొదటి ఐదు నిమిషాలు తడి గోనెసంచి లాంటి పచ్చి వాసన వస్తుంది. తరువాత కొంతసేపు ఏ వాసనా ఉండదు. అందరూ ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే. పదిహేను నిమిషాలు దాటాక ఒక్కసారిగా కమ్మటి వాసన లేస్తుంది. వంటింట్లో ఉన్న మీకే కాదు, హాల్లో కూర్చున్నవాళ్లు "ఏం చేస్తున్నావు?" అని అడుగుతారు. అప్పటికీ దించకండి. ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది.

ఆ ఐదు నిమిషాల్లో రెండు మూడు గింజలు తీసి గచ్చు మీద వేసి చల్లారనివ్వండి. వేడి గింజ ఎప్పుడూ మెత్తగానే అనిపిస్తుంది, దాన్ని కొరికి నిర్ణయించకండి. చల్లారినది ముందు పళ్ల మధ్య పెట్టి కొరికితే కటుక్కుమని రెండు ముక్కలవ్వాలి. విరిగిన చోట చూడండి. అంచు నుంచి మధ్య దాకా ఒకే లేత బంగారు రంగు ఉండాలి. మధ్యలో తెల్లచుక్క ఉంటే ఇంకో రెండు నిమిషాలు. అంచు ముదురు గోధుమ రంగుకు తిరిగితే మీరు మంట పెంచారన్నమాట, నాతో అబద్ధం చెప్పకండి.

దించడమంటే స్టవ్వు కట్టేయడం కాదు. ఇనుప బాణలి చాలాసేపు వేడిని వదలదు. స్టవ్వు ఆపి పప్పును అందులోనే ఉంచితే ఆ వేడికే మాడిపోతుంది. మా పెద్దమ్మాయికి ఏడాదిన్నరప్పుడు నేను చేసిన మొదటి వాయి ఇలాగే పోయింది. స్టవ్వు కట్టేసి, మోగుతున్న ఫోను తీసుకొని వచ్చేసరికి పొట్టు పొగలు కక్కుతోంది. అందుకే మీకు కావలసిన రంగుకు ఒక పిసరు ముందే పళ్లెంలోకి పోసి పలుచగా పరిచేయండి.

మైక్రోవేవ్‌లో నాలుగు నిమిషాల్లో వేయించవచ్చని చెప్పేవాళ్లున్నారు. చేసి చూశాను. ఒక గింజ నల్లగా, పక్క గింజ పచ్చిగా వచ్చింది. ఆదివారం అరగంట లేనివాళ్లు గుడ్డు ఉడకబెట్టుకోవడం మేలు.

తరువాత అదే సన్న మంట మీద పల్లీలు, ఆపైన బియ్యం, చివరికి నువ్వులు. పల్లీల పొట్టు నలిపి చెరిగేయండి. బియ్యం ఎందుకంటారా? పొడికి కాస్త బరక తెచ్చి అంగిలికి పట్టకుండా చేస్తుంది. పప్పుల్లో కొరవడిన మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం బియ్యంలోనూ నువ్వుల్లోనూ ఉంటుంది. ఇడ్లీలో బియ్యం, మినప్పప్పు కలవడం వల్ల జరిగే మేలు ఇక్కడా జరుగుతుంది.

పొడి

పూర్తిగా చల్లారాక మిక్సీ పట్టండి. వేడిగా పడితే ఆవిరి మూతకు చేరి నీరై పొడిలో పడుతుంది. ముందు మినప్పప్పు, బియ్యం మెత్తగా పట్టి జల్లించండి. పల్లీలు, నువ్వులు ఆపి ఆపి తిప్పండి, ఆగకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతాయి.

బెల్లం కలపకముందే ఒక గిన్నెడు పొడి పక్కకు తీయండి. ఇది నా ఇంట్లో చట్టం. బెల్లం ఎంత మంచిదని చెప్పుకున్నా చక్కెరే. రెండేళ్లు నిండని బిడ్డకు ఆ తీపి అవసరం లేదు. ఈ పొడి ఒక చెంచా అరటిపండు గుజ్జులోనో పెరుగన్నంలోనో కలిపి పెట్టండి. పొడిగా మాత్రం నోట్లో వేయకండి, పొలమారుతుంది. పల్లీలు ఇంతవరకూ తినని బిడ్డయితే మొదటిరోజు చిటికెడే పెట్టి ఒంటి మీద దద్దుర్లేమైనా వస్తాయేమో చూడండి. ఇంట్లో ఎవరికైనా పల్లీలు పడకపోతే ముందే డాక్టరును అడగండి. అదే పొడిలో ఉప్పు, జీలకర్ర, ఎండుమిర్చి కలిపితే పెద్దవాళ్లకు ఇడ్లీపొడి. ఒక్క వేయింపుతో మూడు రకాలు.

ఉండలు

తురిమిన బెల్లం, ఏలకులు పొడిలో వేసి ఒకసారి మిక్సీ తిప్పండి. పాకం పట్టవద్దు. పాకం ఉండలు గట్టిపడతాయి, పసిపిల్లల పళ్లకు అవి పనికిరావు. గోరువెచ్చటి నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. పిడికిట్లో పట్టి వదిలితే ముద్ద నిలవాలి, బొటనవేలితో నొక్కితే విరగాలి. పల్లీల నూనె ఉంది కాబట్టి 120 గ్రాములు మొత్తం పట్టకపోవచ్చు.

ఒక్కొక్కటి పెద్ద ఉసిరికాయంత, అంటే ఇరవై గ్రాములు చేస్తే, పొడి మొత్తం వాడినప్పుడు 35 దాకా వస్తాయి. ఒక్కోదానిలో రెండు గ్రాముల పైచిలుకు ప్రోటీన్ ఉంటుంది. సాయంత్రం ఒకటి, గ్లాసు పాలు. నెయ్యి, బెల్లం ఉన్న తిండి కాబట్టి రెండో దానికి ఏడ్చినా ఇవ్వకండి.

మూడేళ్లలోపు పిల్లలకు ఉండను నాలుగు ముక్కలు చేసి, కూర్చోబెట్టి, ఎదురుగా ఉండి పెట్టాలి. పరుగెత్తే బిడ్డ నోట్లో ఏదీ పెట్టకండి. పల్లీలు పొడి చేసింది కూడా అందుకే. పసిపిల్లల చేతికి పల్లీ గింజ, శనగ గింజ ఇస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. వేయించేటప్పుడు పళ్లెంలోంచి వాళ్లు చేయి పెట్టి తీసుకోకుండా చూసుకోండి.

తడిలేని స్టీలు డబ్బాలో పదిహేను రోజులు నిల్వ ఉంటాయి, జూలై ఆగస్టు నెలల్లో పదిరోజులనుకోండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. డిసెంబరులో మన ఊరి చలికి నెయ్యి గడ్డకట్టి ఉండ రాయిలా అవుతుంది. అప్పుడు బిడ్డకు అలాగే ఇవ్వకుండా అరచేతిలో ఒక నిమిషం పట్టుకొని, మెత్తబడ్డాక నలిపి పెట్టండి.