పిల్లలకు ప్రాచీన చరిత్ర పుస్తకం కొనే ముందు

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల కోసమైతే ఇవి చూసుకోండి.

ఊహను నిజమని చెప్పే పుస్తకం అస్సలు వద్దు. సింధు నాగరికత ముద్రల మీదున్న లిపిని అందరూ ఒప్పుకునేలా ఇంకా ఎవరూ చదవలేదు. ఆ ముద్రల మీద ఏం రాసుందో ఖాయంగా చెప్పేస్తుంటే పక్కన పెట్టేయండి. ఈ వయసులో బుర్రకెక్కిన తప్పు ఓ పట్టాన పోదు.

కాలరేఖ, అంటే ఏది ఎప్పుడు జరిగిందో వరుసగా చూపే గీత, ఉండాలి. ఈజిప్టులోని గీజా మహా పిరమిడ్ క్రీ.పూ. 2600–2500 మధ్యది, ఆ దేశపు రాణి క్లియోపాత్రా చనిపోయింది క్రీ.పూ. 30లో. కాలరేఖ లేకపోతే పిల్లలు రెండింటినీ ఒకే కాలానికి కట్టేస్తారు.

బొమ్మ కింద వివరం చదవండి: దొరికిన వస్తువు ఫొటోనా, చిత్రకారుడి ఊహా?

రాజులూ యుద్ధాలేనా, మామూలు జనం కూడా ఉన్నారా? పిల్లలకు ఆసక్తి పుట్టేది అక్కడే.

మధ్యలో ఒక పేజీ వాళ్లచేతే చదివించండి. ప్రతి వాక్యానికీ ఆగిపోతుంటే ఇంకాస్త తేలికైనది వెతకండి.